మా నాయనమ్మ

మా నాయనమ్మ గొప్ప మనిషి అని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆవిడ ఊరు దాటి వెళ్ళింది కూడా తక్కువే. వెళితే యాదగిరిగుట్టకు నరసింహస్వామి దర్శనానికి వెళ్ళేది, లేకపోతే తన కూతుళ్ళ ఇళ్ళకు వెళ్ళేది. అయినా మా ఊళ్ళో ఈనాటికీ ఎవరైనా లేనిపోని భయం పెట్టుకుంటే, "ఆ ముసలమ్మ ఉంటే నవ్వేది!" అంటారు. మనిషి పోయి ముప్పై ఏళ్ళు దాటినా ఆవిడ నవ్వు ఊరికి గుర్తుండటం చిన్న విషయం కాదు. అందుకే ఆవిడ సంగతులు కొన్ని మీకు చెబుతాను.

మా ఊరు నల్లగొండ జిల్లాలో, మునుగోడు, మర్రిగూడ ప్రాంతంలో ఉన్నది. ఇప్పుడది తెలంగాణ రాష్ట్రం. నా చిన్నతనంలో ఆంధ్రప్రదేశ్. మాది మెట్ట నేల. వాన పడితే జొన్నలు, ఆముదాలు పండుతాయి. పడకపోతే ఆకాశం కేసి చూస్తూ కూచోవటమే.

నాయనమ్మ ఏ సంవత్సరంలో పుట్టిందో ఎవరికీ తెలియదు. "నీ వయసెంత, నాయనమ్మా?" అని అడిగితే, "పోలీసు చర్య నాటికి మీ నాయన నా చంకల ఉన్నడు. మీరు చదువుకున్నోళ్ళు గదా, లెక్క కట్టుకోండి," అనేది. పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబరులో. మేము ఎన్నిసార్లు లెక్క కట్టినా ఆవిడ వయసు తేలేది కాదు.

మా నాన్న చిన్నపిల్లవాడుగా ఉండగానే తాతయ్య పోయాడు. నలుగురు పిల్లలను, కొద్దిపాటి పొలాన్ని నాయనమ్మ ఒక్కతే చూసుకున్నది. నాకు జ్ఞానం వచ్చేసరికే ఆవిడ నడుము పూర్తిగా వంగిపోయింది. నడిచేటప్పుడు ముఖం నేలకేసి ఉండేది. ఎవరైనా ఎదురుగా నిలబడితే వాళ్ళ ముఖం చూడటానికి మెడ పక్కకు తిప్పి పైకెత్తవలసి వచ్చేది. చుట్టాలు చూసి, "అయ్యో, నడుం ఎంత వంగిపోయిందో!" అని జాలిపడేవాళ్ళు.

"ఎందుకు జాలి?" అనేది నాయనమ్మ. "మీరు దండం పెట్టాలంటే గుడికి పోవాలె. నేను అడుగడుగుకూ భూదేవికి దండం పెట్టుకుంటనే నడుస్తున్న. పైగా కింద పడ్డ పైసలన్నీ ముందు నాకే కనిపిస్తయి!"

జాలిపడటానికి వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు.

నాయనమ్మకు భక్తి ఎక్కువ. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, స్నానం చేసి, నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టేది. పీర్ల పండుగ వస్తే పీర్లకు కూడా అంతే శ్రద్ధగా దండం పెట్టేది. కాని ఆవిడ భక్తిలో భయం కొంచెం కూడా ఉండేది కాదు. "భయపడి దండం పెడితే అది భక్తి కాదు, బేరం," అనేది.

ఈ మాట నిజమా కాదా తెలుసుకోవలసిన అవసరం 1979లో మా ఊరికి వచ్చింది.

అమెరికా వాళ్ళు 1973 మే 14న స్కైలాబ్ అనే పెద్ద ప్రయోగశాలను ఆకాశంలోకి పంపారు. దాని బరువు సుమారు 77 టన్నులు. ముగ్గురేసి చొప్పున మూడు జట్లు అందులో ఉండి వచ్చాయి. చివరి జట్టు 84 రోజులున్నది. 1974 ఫిబ్రవరి తరవాత అందులో ఎవరూ లేరు. అది ఖాళీగా భూమి చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. ఆ తరవాత సూర్యుడిలో అలజడి ఎక్కువ అయింది. దానివల్ల భూమి పైభాగాన ఉన్న పలచని గాలి వేడెక్కి, ఇంకా పైకి వ్యాపించింది. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ అనుకున్నదానికన్నా ముందుగానే కిందికి దిగటం మొదలుపెట్టింది. అది ఎక్కడ పడేదీ ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు.

ఈ వార్త రేడియోలో వచ్చింది. రేడియోలో వచ్చినది ఒకటైతే, మా రచ్చబండ దగ్గరికి చేరేసరికి అది పది అయింది. స్కైలాబ్ సరిగ్గా మన మీదనే పడుతుందనీ, జూలై 11 తరవాత ఎవరూ మిగలరనీ చెప్పుకున్నారు. ఊరూరా జనం కోళ్ళనూ, మేకలనూ కోసుకు తిన్నారు. దాచుకున్న డబ్బు ఖర్చు పెట్టేశారు. చచ్చిపోతే అందరం ఒకచోటనే పోదామని దూరాన ఉన్న పిల్లలను ఇళ్ళకు పిలిపించుకున్నవాళ్ళున్నారు.

మా పక్కింట్లో ఒక రైతు ఉండేవాడు. ఆయనను నేను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. ఆయనకు ఉన్న ఆస్తి అల్లా మూడెకరాల చెలకా, ఒక జత ఎద్దులూను. అది విత్తనాలు వేసే అదను. అటువంటి సమయంలో ఒక పశువుల బేరగాడు వచ్చి, ఎద్దుల ఖరీదులో నాలుగో వంతు ఇస్తానన్నాడు. పెద్దనాయన సరేనన్నాడు. పలుపులు విప్పి బేరగాడి చేతికి ఇవ్వబోతూండగా నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ అక్కడికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఏం కొడుకా, ఎద్దులను అమ్ముతున్నవట?" అని అడిగింది.

"ఏం చెయ్యమంటవు, పెద్దమ్మా? నాలుగు రోజులైతే అందరం పోయేవాళ్ళమే. ఈ నాలుగు రోజులన్నా పిల్లలకు కడుపునిండా పెట్టుకుంట," అన్నాడు పెద్దనాయన. ఆయన కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి.

నాయనమ్మ మెడ పక్కకు తిప్పి బేరగాడి ముఖంలోకి చూసింది.

"అందరం పోతమని ఇతను అమ్ముతున్నడు. బాగానే ఉన్నది. మరి నువ్వెందుకు కొంటున్నవు, నాయనా? ఈ ఎద్దులను కట్టుకుని స్వర్గంల దున్నుతవా?"

చుట్టూ చేరినవాళ్ళు ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. పెద్దనాయన కూడా కళ్ళు తుడుచుకుని నవ్వాడు. బేరగాడు ఏమీ చెప్పలేక నీళ్ళు నమిలాడు.

"గడువు దాటిన మర్నాడు రా, నాయనా. అప్పుడు కూడా కావాలంటే సరైన ధర పెట్టి కొనుక్కుందువు గాని," అని నాయనమ్మ పలుపులు తీసి పెద్దనాయన చేతిలో పెట్టింది.

ఆ గడువు నాటి రాత్రి మా పిల్లలకు నిద్ర పట్టలేదు. అందరం నాయనమ్మ చుట్టూ చేరాము. ఆవిడ ప్రహ్లాదుడి కథ చెప్పింది. కొండమీదినుంచి తోయించినా, ఏనుగులచేత తొక్కించినా ఆ పిల్లవాడు భయపడకపోవటం గురించి చెప్పింది.

"అయితే నాయనమ్మా, నరసింహస్వామి వచ్చి స్కైలాబును పట్టుకుంటాడా?" అని నేను అడిగాను.

"పట్టుకుంటడో లేదో నాకు తెల్వదు, బిడ్డా. తెల్లారంగ బర్రె పాలు పిండాలె. అది మటుకు నాకు తెలుసు. ఇక పండుకోండి," అన్నది నాయనమ్మ.

జూలై 11న స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతంలోనూ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడి ఎస్పెరెన్స్ అనే ఊరివాళ్ళు, తమ ప్రాంతంలో చెత్త పోసినందుకు అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా వేశారు. కాలేజీలో చేరాక ఈ సంగతి చదివి నాయనమ్మకు చెప్పాను.

"400 ఏం సరిపోతయి? మన ఊళ్ళ కోసుకు తిన్న కోళ్ళ ఖరీదు ఎవరిస్తరు?" అన్నది ఆవిడ.

పెద్దనాయన మాత్రం ఆ సంవత్సరం తన ఎద్దులతో తన చెలక దున్నుకున్నాడు. ఆ తరవాత ఏటా తొలకరి పడగానే ఆయన అరక ముందుగా మా చేలో దిగేది. కూలి ఇవ్వబోతే తీసుకునేవాడు కాదు.

ఆ మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. శివరాత్రి జాగరణ ముగిశాక వచ్చిన అమావాస్య అది. చంద్రుడి నీడ మా ప్రాంతం మీదుగానే పోయింది. మాకు ఎంతో దూరం కాని జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి నక్షత్రశాల ఉన్నది. అక్కడికి శాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద యంత్రాలతో వచ్చారు. మా ఊళ్ళోవాళ్ళు మాత్రం తలుపులు వేసుకు కూచున్నారు.

గ్రహణం పట్టేముందు మా ఇంట్లో ఆడవాళ్ళు ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి తనంతట తాను నిలబడుతుందని చెబుతారు. రోకలి నిలబడింది. అందరూ చేతులు జోడించారు.

"మంచిదే. రేపు కూడా ఒకసారి నిలబెట్టి చూడండి," అన్నది నాయనమ్మ.

మర్నాడు నిలబెట్టి చూశాము. రోకలి నిన్నటిలాగే నిలబడింది. "గ్రహణం విడిచిన సంగతి రోకలికి ఎవరూ చెప్పలేదేమో!" అన్నది నాయనమ్మ. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందని మాకు ఆనాడు తెలిసింది.

గ్రహణం నాడు మా బడి పంతులుగారు మా ఇంటికి వచ్చారు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్ళు పాడవుతాయనీ, అట్టకు చిన్న రంధ్రం చేసి, ఎండను దానిగుండా నేలమీద పడనిచ్చి, ఆ బొమ్మను చూడాలనీ ఆయన చెప్పారు. నాయనమ్మ ఆయన మాటలు శ్రద్ధగా విని, లోపలికి వెళ్ళి పిండి జల్లెడ తెచ్చింది.

"ఒక్క రంధ్రం ఎందుకు పంతులూ? దీనికి చాలా ఉన్నయి," అన్నది.

జల్లెడను ఎండలో పట్టుకుంటే వాకిట్లో వందలాది చిన్న చిన్న సూర్యులు కనిపించారు. గ్రహణం ముదిరినకొద్దీ వాళ్ళంతా నెలవంకలుగా మారారు. చింతచెట్టు కింద కూడా ఆకుల సందులనుంచి పడిన వెలుగంతా నెలవంకలే. పంతులుగారు ఆశ్చర్యపోయారు.

మూడు గంటలు దాటాక వెలుగు తగ్గిపోసాగింది. గాలి చల్లబడింది. కోళ్ళు గూళ్ళకు చేరాయి. పూర్తిగా చీకటి పడేముందు సూర్యుడి అంచున ఒక్క చుక్క ధగధగా మెరిసి ఆరిపోయింది. పంతులుగారు ఇప్పుడు చూడవచ్చునన్నారు. నల్లటి చంద్రుడి చుట్టూ తెల్లటి కాంతి పరుచుకుని ఉన్నది. నడినెత్తికి దగ్గరగా శుక్రుడు కనిపించాడు. నేనూ, మా అన్నా నాయనమ్మను రెండు వైపులా పట్టుకుని, ఆవిడ పైకి చూడగలిగేటట్టు వెనక్కు వాల్చాము. సుమారు రెండు నిమిషాల తరవాత మళ్ళీ అంచున వెలుగు చుక్క మెరిసింది. పంతులుగారు వెంటనే తలలు దించమని కేకపెట్టారు.

"అమ్మవారి ముక్కుపుడక!" అన్నది నాయనమ్మ. ఆవిడ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

సూర్యుడి అడ్డకొలత చంద్రుడి అడ్డకొలతకు సుమారు 400 రెట్లు. దూరం కూడా సుమారు 400 రెట్లే. అందుకే అంత చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుణ్ణి సరిగ్గా కప్పగలుగుతాడు. పంతులుగారు ఈ మాట చెప్పగా విని నాయనమ్మ, "అంత సరిగ్గా కొలిచి పెట్టినోడు చేసిన పనిని తలుపేసుకుని చూడకుంటే ఆయన ఏమనుకుంటడు?" అన్నది. తరవాత యథాప్రకారం చన్నీళ్ళ స్నానం చేసి దీపం పెట్టింది.

నాయనమ్మకు చదవటం, రాయటం రాదు. ఆ గ్రహణం తరవాత ఒక ఏడాదికి ఆవిడకు రామకోటి రాయాలని బుద్ధి పుట్టింది. శ్రీరామ నామాన్ని కోటిసార్లు రాయటాన్ని రామకోటి అంటారు.

"నాకు మూడక్షరాలు నేర్పు చాలు. శ్రీ, రా, మ. మిగతావి నీ దగ్గరనే ఉండనీ," అన్నది నాతో.

ఆ మూడక్షరాలు నేర్చుకోవటానికి పదిహేను రోజులు పట్టింది. రోజుకు మూడు వందలు, నాలుగు వందలు రాసేది. నేను కాగితం మీద లెక్కవేసి, "నాయనమ్మా, రోజుకు 350 చొప్పున రాస్తే కోటి పూర్తి కావటానికి 78 సంవత్సరాలు పడుతుంది," అన్నాను.

"మంచి మాట చెప్పినవు! 78 ఏండ్లదాకా ఈ వాడకే రావద్దని యముడికి కబురు పంపు!" అన్నది నాయనమ్మ.

ఒకసారి ఆవిడను తీసుకుని నల్లగొండ వెళ్ళాను. బస్సులు ఆగేచోట నాయనమ్మ ఉన్నట్టుండి ఒక ఎర్రబస్సు ముందు నిలబడి చేతులు జోడించింది. జనం వింతగా చూశారు. అది రామన్నపేట వెళ్ళే బస్సు. బోర్డు మీద మొదటి రెండక్షరాలు ఆవిడ చదవగలిగింది!

"రాముడు సరే, తరవాత ఏమున్నది?" అని అడిగింది. ఆ తరవాత ఉన్నదేమిటో తెలుసుకోవటానికే ఆవిడ మిగతా అక్షరాలు కూడా నేర్చుకున్నది. రెండేళ్ళు తిరిగేసరికి మా పాఠ్యపుస్తకాలలో కథలు కూడబలుక్కుని చదివేది. వేలిముద్ర వేయించుకోవటానికి గుమాస్తా సిరా ముందుకు తోస్తే, "అది ఉంచుకో నాయనా, నీకు పనికొస్తది," అని కలం అడిగి తీసుకుని సంతకం చేసేది.

ఆవిడ నడుం వంగటానికి కారణం కూడా మాకు ఆ రోజుల్లోనే తెలిసింది. మా ప్రాంతపు రాళ్ళలో ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలున్నాయి. భూమిలోని నీరు వాటిమీదుగా పోయేటప్పుడు ఫ్లోరైడు అందులో కరుగుతుంది. అది కొద్దిగా ఉంటే పళ్ళకు మేలే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే చెరుపు చేస్తుంది. మొదట పళ్ళమీద పసుపు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఫ్లోరైడు మరీ ఎక్కువగా ఉన్న నీరు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోయి వెన్ను వంగుతుంది. నీటిని కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదానిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

ఊళ్ళోకి వచ్చి బావుల నీళ్ళు పరీక్ష చేసిన డాక్టరుగారు ఈ సంగతులన్నీ వివరించారు. నాయనమ్మ అంతా విని, "ఈ నీళ్ళు తాగితే ఇట్లయితదని చెప్పినవు. మరి ఏ నీళ్ళు తాగాలె, నాయనా?" అని అడిగింది. డాక్టరుగారు తల వంచుకున్నారు. ఆ రోజుల్లో మా ఊరికి వేరే నీళ్ళు లేవు.

అయితే ఊరి చివర తోటబావి నీళ్ళలో ఫ్లోరైడు తక్కువగా ఉన్నట్టు ఆ పరీక్షలో తేలింది. పక్కపక్కనే ఉన్న బావులలో కూడా ఇటువంటి తేడా ఉండవచ్చు. ఆ మర్నాటినుంచి నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ అరమైలు నడిచి, ఆ బావినుంచి పిల్లల కోసం చిన్న బిందెతో నీళ్ళు తేవటం మొదలుపెట్టింది. మా అమ్మ వద్దంటే వినలేదు. అమ్మ పెద్ద బిందె తెస్తే, నాయనమ్మ చిన్న బిందె తెచ్చేది. వానాకాలంలో చూరు కింద కుండలు పెట్టి, శుభ్రమైన గుడ్డలో వడగట్టి వాన నీళ్ళు పట్టేది. వాన నీళ్ళలో ఫ్లోరైడు ఉండదని డాక్టరుగారు చెప్పారు గదా! ఇంట్లో పిల్లలెవరూ పాతబావి నీళ్ళు ముట్టుకోకుండా కాపలా కాసేది.

తాను మాత్రం పాతబావి నీళ్ళే తాగేది. "నువ్వు కూడా ఇవే తాగు, నాయనమ్మా," అంటే, "నాకు ఇంక వంగటానికి ఏం మిగిలింది, బిడ్డా? మంచి నీళ్ళు వంగనోళ్ళు తాగాలె," అనేది. ఇది కూడా ఆవిడ నవ్వుతూనే అనేది. కాని ఆ మాటకు మేము ఎవరమూ నవ్వలేకపోయేవాళ్ళం.

నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి తొలగించే ఒక పద్ధతిని నాగపూరులోని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. దానికి మా జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. అయినా మా ప్రాంతంలో ఇంటింటికీ మంచి నీళ్ళు రావటానికి చాలా కాలం పట్టింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకంతో కొళాయిలలో కృష్ణ నీళ్ళు వచ్చాయి. ఆ కొళాయి చూడటానికి నాయనమ్మ లేదు. ఆవిడ 1992లో పోయింది.

చివరి రోజుల్లో కూతుళ్ళూ, మనమలూ అందరూ వచ్చి మంచం చుట్టూ చేరి ఏడుస్తున్నారు. నాయనమ్మ కళ్ళు తెరిచి చూసి, "మోసేటోళ్ళకు నాతో కష్టం లేదులే. ఇప్పటికే సగం మడిచి ఉన్న," అన్నది. ఏడుస్తున్నవాళ్ళకు నవ్వాగలేదు.

అప్పటికి ఆవిడ రాసిన రామనామాలు 14 లక్షలు. "కోటి కాలేదని దిగులుగా ఉన్నదా, నాయనమ్మా?" అని అడిగాను.

"దిగులెందుకు? ఆయనకు లెక్కలొస్తయి. మిగిలింది నా పేరున బాకీ రాసుకుంటడు. బాకీ ఉన్నోళ్ళను ఎవరూ మరిచిపోరు," అన్నది.

నాయనమ్మ మాకు బంగారం ఇచ్చి పోలేదు. ఆ రామకోటి పుస్తకాలు మా ఇంట్లో ఉన్నాయి. మా అన్నదమ్ముల నడుములు, అక్కచెల్లెళ్ళ నడుములు నిటారుగా ఉన్నాయి. ఆ పాతబావి నీళ్ళు తాగి పెరిగిన మా ఈడువాళ్ళలో చాలామంది ఆ మాట చెప్పుకోలేరు.

పిల్లలూ! మీ కాలంలో కూడా వదంతులు వస్తూనే ఉంటాయి. అవి రచ్చబండ దగ్గరికి బదులు చేతిలోని ఫోనులోకే వస్తాయి. భయం వేసినప్పుడు మా నాయనమ్మ వేసుకునే రెండు ప్రశ్నలు మీరూ వేసుకుని చూడండి. "మనం భయపడితే లాభం ఎవరికి?" అనేది మొదటిది. "తెల్లవారితే మనం చెయ్యవలసిన పని ఏమిటి?" అనేది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే నవ్వు వస్తుంది. రెండవదానికి జవాబు దొరికితే నిద్ర పడుతుంది.